తూకం చీటీ

తెల్లవారి నాలుగున్నర. హెచ్ఏఎల్ పాత ఎయిర్‌పోర్టు.
గేటు దగ్గర కుర్రాడు కార్డు మీది బొమ్మనీ నన్నూ
మార్చి మార్చి చూస్తాడు.
బొమ్మలో వాడికి జుట్టుంది,
రెండు నెలల జీతం బాకీ లేదు.

హ్యాంగర్ ముందు కాటా. కాటా పక్కన మునిచౌడప్ప.
ఇంధనం బండి ఉన్నచోట అగ్గిపుల్ల గీయకూడదు గనక
వెలిగించని బీడీని చప్పరిస్తుంటాడు.
"ఏం సారూ, ఈ పొద్దు బతికిండేవా, సచ్చిండేవా?"
మాలూరు పక్క తెలుగు అతనిది.

బతికినవే. నిన్న గుడ్డు చీల్చుకున్న కోడిపిల్లలు,
అట్టపెట్టెకి వంద, నలభై పెట్టెలు, రాయపూర్‌కి.
పెట్టె నాలుగున్నర కిలోలు. రాస్తాను.
ఇంధనం, నేను, కో-పైలట్ తహసీన్, ఆమె టిఫిన్ డబ్బా.
ఎంత బరువన్నదే కాదు, ఎక్కడన్నది కూడా.
తోకవైపు నాలుగు పెట్టెలు ఎక్కువైతే
ముక్కు మాట వినదు.

ఈ ఉద్యోగం అంటించిన జబ్బొకటుంది,
మనుషులు నాకు కిలోల్లో కనిపిస్తారు.
కబ్బన్ పార్కు బెంచీ మీద జంట, నూట పద్దెనిమిది.
గనుల సేఠు ఫారంలో ఎనభై అని రాస్తే
నవ్వుతూ తలూపి నూట పది వేసుకున్నాను.
ఆయన గురువుగారికి బరువే ఉండదన్నారు శిష్యులు.
డెబ్బై రెండు.

మార్చి మధ్యాహ్నాల్లో ఈ ఊరి గాలి పలచబడి
చివరి గోడ దగ్గరకొచ్చినా చక్రాలు నేలను వదలనప్పుడు
అబద్ధమాడిన ప్రతి కిలో
నా కాలివేళ్లలోకి దిగుతుంది.

ఎగిరేవాణ్ణంటారు చుట్టాలు.
బళ్లారిలో ఎవరిదో సంతకం అయ్యేదాకా పదకొండు గంటలు
రెక్క నీడ జరిగినకొద్దీ కుర్చీ జరుపుకుంటూ కూర్చున్న సంగతి
వాళ్లకి చెప్పలేదు.

కిందటేడు శ్రావణంలో ఒక పెట్టె.
వైట్‌ఫీల్డులో పరంజా మీంచి పడ్డ మేస్త్రీ, ఒడిశా మనిషి.
ఖర్చు బిల్డరుది, ప్రశ్నలు రాకముందే.
కాటా మీదికి జరుపుతుంటే తమ్ముడొచ్చి
పెట్టెను కావలించుకున్నాడు.
వదలడు. ఏ భాషలో చెప్పినా వదలడు.
చివరికి ఇద్దర్నీ కలిపే తూచాం, నూట అరవై ఒకటి.
తరవాత అతణ్ణొక్కణ్ణే నిలబెట్టి
యాభై మూడు తీసేశాను.
చీటీలో ఆ తీసివేత కనపడదు.
సరుకు, నూట ఎనిమిది.
కింది గడిలో ప్రయాణికుడు ఒకరు, యాభై మూడు.

మునిచౌడప్ప ప్రతినెలా ఒకటో తారీఖున చెప్పులు విడిచి
కాటా ఎక్కుతాడు. సరదాకే.
యాభై ఎనిమిది. యాభై ఆరు. దీపావళికి యాభై రెండు.
"కాటా చెడిపొయ్యింది సారూ."
అవునన్నాను.
అతను వెళ్లాక ఇరవై కిలోల గుండు దానిమీద పెట్టి చూశాను.
ఇరవై.

ఇవాళ ఒకటో తారీఖు. అతను ఎక్కలేదు.
నేను అడగలేదు.
ఆఖరి పెట్టెను దారిలో రెండుసార్లు దింపి
ఊపిరి తీసుకున్నాడు. నాలుగున్నర కిలోలు.

ఇంజన్లు అందుకోగానే నాలుగు వేల గొంతులూ
ఒక్కసారి మూగబోతాయి.
కింద వర్తూరు చెరువు నురగ. ఎండ ఇంకా దానిదాకా రాలేదు.
విమానం మట్టానికొచ్చాక వెనక ఎక్కడో ఒక పిల్ల మొదలెడుతుంది,
దాని పక్కది, ఇక అన్నీ.

తహసీన్ డబ్బా తెరిచి సగం పరోటా నావైపు జరుపుతుంది.
చీటీ వెనక్కి తిప్పి నలభై ఎనిమిది అని రాస్తాను, కంటి లెక్క.
"ఇదెవరి బరువు కెప్టెన్? షీట్‌లో లేదే?"

విక్టోరియా ఆస్పత్రిలో ఓపీ
ఎన్నింటిదాకా ఉంటుందని అడుగుతాను.